కోడలు బయటికి

ఆ బల్ల ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి కోడలికి మనశ్శాంతి కరువైంది.

పక్షవాతంతో మాట పడిపోయిన అత్తగారి కోసం ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన బల్ల అది. దాని మీద ఇంటి పటం గీసి ఉంది. వంటిల్లు, సోఫాతో సహా హాలు, పడకగది, గుమ్మం. గుమ్మం అవతలంతా ఖాళీ. ఇంట్లో మనిషికో చెక్క బిళ్ళ, అవసరమైన వస్తువుకో బిళ్ళ. బిళ్ళను ఎటు జరిపితే అటు పైనున్న కెమెరా కనిపెడుతుంది, పక్కనున్న కంప్యూటర్ ఆ సంగతి పైకి చెబుతుంది. గ్లాసు బిళ్ళను తన బిళ్ళ దగ్గరికి జరిపితే "నాకు నీళ్ళు కావాలి" అంటుంది. మా అమ్మ ఇంత మెత్తగా అడగడం ఇదే మొదలని కొడుకు తెగ ముచ్చటపడ్డాడు.

కోడలికి మాత్రం ఆ మెత్తదనం దక్కలేదు. పొద్దున లేస్తూనే అత్తగారు వణికే చేత్తో కోడలి బిళ్ళను పట్టుకునేది. వంటింట్లోంచి హాలు మీదుగా దాన్ని ఈడ్చుకుంటూ పోయి గుమ్మం దాటించేది. "కోడలు బయటికి," అనేది కంప్యూటర్, వార్తలు చదివినట్టు. కోడలికి ఒళ్ళు మండి బిళ్ళలన్నీ ఊడ్చి డబ్బాలో పడేసేది. అత్తగారు గుడ్లురిమి బల్ల మీద చరిచేది. ఆ చప్పుడు కోడలికి ఇంకో తిట్టులా వినబడేది.

అసలు ఈవిడ కోసమే కదా బంగారంలాంటి ఉద్యోగం మానుకుంది! కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడంలో ఆమెది తిరుగులేని చెయ్యి. అత్తగారి ముక్కు మీదున్న కళ్ళజోడు కూడా ఆమె చేసిందే. షాపాయన ఫోన్ చేసి, "వస్తావా అమ్మా, వేరే మనిషిని చూసుకోమంటావా?" అని అడిగితే, అత్తగారి ఎదుటే "రాలేనండీ" అనేసింది. ఇంత చేసినందుకు దక్కింది ఇదీ.

చివరికి మొగుడితో తేల్చి చెప్పేసింది. "మీ అమ్మకి నా పొడ గిట్టట్లేదు. ఎవరినైనా మనిషిని పెట్టుకోండి. నేను మా అక్క దగ్గరికి పోతా."

"అమ్మ అలాంటిది కాదే," అని నసిగాడు ఇంట్లోంచే ఉద్యోగం వెలగబెట్టే ఆ మహానుభావుడు.

"మీకేం! మీ బిళ్ళ ఎప్పుడు చూసినా సోఫాలోనే ఉంటుంది."

మర్నాడు మాటలు నేర్పే డాక్టరమ్మ ఇంటికొచ్చింది. అప్పటికే కోడలి బ్యాగు సర్దేసి ఉంది. డాక్టరమ్మను చూడగానే అత్తగారి మొహం వెలిగింది. ముందు తన కళ్ళజోడు తీసి, గుమ్మం అవతల బల్ల అంచున పెట్టింది. కళ్ళజోడు సంగతి కంప్యూటర్‌కు ఎవరూ నేర్పలేదు కాబట్టి అది నోరు మెదపలేదు. తర్వాత ఎప్పటిలాగే కోడలి బిళ్ళ గుమ్మం దాటింది.

"కోడలు బయటికి."

"చూశారా! రోజూ ఇదే వరస," అంటూ కోడలు బిళ్ళ లాక్కోబోయింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండమ్మా. ఆవిడ మాట ఇంకా పూర్తవలేదు."

అత్తగారు ఆయాసం తీర్చుకుంది. బిళ్ళను ఇంకాస్త నెట్టి కళ్ళజోడుకు ఆనించింది. ఆ తర్వాత, ఎంతో కష్టం మీద, వచ్చిన దారినే వెనక్కి లాగసాగింది.

"కోడలు ఇంటికి," అంది కంప్యూటర్.

కోడలు నిలువునా నీరైపోయింది. మాట ఉన్న రోజుల్లో గడప దాటుతున్న మనిషిని ఆవిడ ఏనాడూ "వెళ్ళు" అని ఊరుకుని ఎరగదు. ఆఖరికి పాలబ్బాయినైనా "వెళ్ళిరా" అనే పంపేది. షాపుకు బయల్దేరే కోడలికీ రోజూ అదే మాట. ఇన్నాళ్ళూ ఆవిడ "వెళ్ళి" అనగానే, "రా" అనేలోపే తను బిళ్ళలు ఎత్తేస్తూ వచ్చింది.

"షాపుకి వెళ్ళి రమ్మంటున్నారా అత్తయ్యా?"

అత్తగారు బల్ల మీద ఫెడీమని చరిచింది. అవునన్నమాట. కోడలు అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తూనే నవ్వేసింది. గుండెల మీంచి బండ దించినట్టయింది.

"మరి ఇంట్లో వంటా, మీ మందులూ?" అంది ముక్కు తుడుచుకుంటూ.

అత్తగారు సోఫాలోంచి కొడుకు బిళ్ళను పట్టుకుంది. ఈసారి చెయ్యి వణకలేదు.

"కొడుకు వంటింట్లోకి."

"అమ్మ మాట ఇంకా పూర్తయినట్టు లేదు డాక్టరమ్మా," అన్నాడు కొడుకు ఆశగా.

అందరూ కాసేపు ఆగి చూశారు. అత్తగారు కళ్ళజోడు అందుకుని పెట్టుకుంది, చేతులు ఒళ్ళో వేసుకుని కూర్చుంది.