పులసా కాదు, రొయ్యా కాదు

ఆ ఉదయం ఖరగ్‌పూర్ మీద మబ్బు పట్టింది. కురవదు, విడవదు. ఆ సాయంత్రంతో ఫుట్‌బాల్ లీగు ముగుస్తుంది. దాలమ్మ ముఖమూ ఆ మబ్బులాగే ఉంది.

నేను ఒక కత్తిపీటను. రైలుపెట్టె కింద బరువు మోసి అలిసిన ఉక్కు ముక్కను కొలిమిలో కాల్చి నన్ను చేశారు. దాలమ్మ అత్త చేతిలో సగం అరిగి, ఆవిడ పోయాక దాలమ్మ చేతికి వచ్చాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇల్లే అయినా, కలకత్తా ఫుట్‌బాల్ జబ్బు వీళ్ళకూ అంటింది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస. ఈ ఇంట్లో మూడో జట్టు ఊసే లేదు. ఎవరు గెలిచినా కోత నాది. ఎన్నడూ బంతి ముట్టని మనుషులకు అంత పౌరుషం ఎక్కడిదో!

దాలమ్మ మొగుడు గవరయ్యది బగాన్. ఆమె తమ్ముడు తవిటయ్యది ఈస్ట్ బెంగాల్. కిందటేడు కప్పు బగాన్‌కు వచ్చింది. గవరయ్య నా మీద తెగిన రొయ్య తలలన్నీ అరిటాకులో చుట్టి బావమరిదికి పంపాడు. తవిటయ్య ఆ పొట్లం తెచ్చి గుమ్మంలో విసిరికొట్టాడు.

"కప్పు మీ సేతిలో ఉన్నన్నాళ్ళూ ఈ గడప తొక్కను బావా!"

తొక్కలేదు. దాలమ్మ కూతురికి చెవులు కుట్టించాలి. మేనమామ ఒడిలోనే కుట్టించాలి. ఇంకొకరి ఒడికి దాలమ్మ ఒప్పుకోలేదు. పిల్ల చెవులు బోసిగానే ఉండిపోయాయి.

సాయంత్రం రేడియో చెప్పింది: కప్పు ఏదో చిన్న జట్టు పట్టుకుపోయిందట. గవరయ్య సంచి పట్టుకుని, బజారులో ఏం కొనాలో తెలియక ఇంట్లోనే నిలబడిపోయాడు. అప్పుడే గుమ్మం బయట తవిటయ్య దగ్గాడు.

"బావా, కప్పు మీ సేతిలో నేదు గదా?"

"మీ సేతిలో మాత్రం ఉందేటి?"

"నేదు."

"మరి బయటే నిలబడ్డావేటి? లోపలికి రా."

"ఇద్దరి రోగమూ కుదిరింది," అంది దాలమ్మ. "రేపే కంసాలిని పిలుస్తాను. ఒరే తమ్ముడూ, కాళ్ళు కడుక్కో."

నా మీద ఆరోజు వంకాయలు తెగాయి. ఎండుచేపలతో కలిపి వండింది. ఎంత తేలికగా ఉందో నాకు!

పిల్ల మేనమామ ఒడెక్కింది. గవరయ్య చేప తల తన కంచంలో ఉంచుకుని, నడుముక్క బావమరిది కంచంలో వేశాడు. అందరూ తిన్నారు.