అరవై రెండు కిలోల రాజ్యలక్ష్మి

రాజ్యలక్ష్మి అబద్ధాలాడే మనిషి కాదు. పటమటలో పద్దెనిమిదేళ్లుగా ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పుతోంది. చేతకానివాళ్లకు చేతకాదనే చెప్పేది, మొహమాటానికి పోయేది కాదు. ఒక్క బరువు విషయంలో మాత్రం ఎవరడిగినా అరవై రెండు కిలోలనేది. పదిహేనేళ్ల కిందట అది నిజమే. తర్వాత మనిషి మారింది గానీ అంకె మారలేదు. చెప్పగా చెప్పగా ఆవిడే దాన్ని నమ్మేసింది. దానివల్ల ఎవరికీ నష్టం కూడా కలగలేదు, కరిముల్లా ఫోన్ చేసి అడిగేదాకా.

అసలు సంగతేమిటంటే, ఆవిడ జీవితమంతా ఎడమ సీట్లోనే గడిచింది. కాలు రెండో బ్రేకు మీద పెట్టుకుని, పక్కన కూర్చున్నవాళ్లను "మెల్లగా, మెల్లగా" అనడమే ఉద్యోగం. యాభై రెండో ఏట ఒక కోరిక పుట్టింది. ఒక్కసారైనా కుడి సీట్లో కూర్చుని, బండిని అది పోగలిగినంత వేగంగా పోనివ్వాలి. చల్లపల్లి అవతల మినుము తీసేసిన చేలల్లో కార్లంటే పిచ్చి ఉన్నవాళ్లు కొందరు ఏటా మట్టి ట్రాకు వేసి పోటీ పెడతారు. ఒకసారికి ఒక్క కారే, గడియారంతోనే పందెం. ఆడవాళ్లకు వేరే విభాగం ఉంది. డ్రైవింగ్ స్కూలుకి పనికిరాకుండా మూలపడ్డ పాత చిన్న కారు ఇంట్లో ఉండనే ఉంది. మలుపుల్లో అది పక్కకి ఒరిగిపోకుండా కాస్త కిందికి దించాలని అందరూ చెప్పారు.

అలా ఆవిడ ఆటోనగర్‌లో కరిముల్లా షెడ్డుకి వెళ్లింది. నలభై ఏళ్లుగా లారీలకు కమాను పట్టీలు వేసి బళ్లను ఎత్తు చేయడమే ఆయన పని. దించమని అడిగిన మొదటి మనిషి రాజ్యలక్ష్మే. ఆయన కూతురు అఫ్సా డిప్లొమా చదివి ఆ షెడ్డులోనే కార్ల పని మొదలుపెట్టింది. డ్రైవింగ్ మాత్రం రాజ్యలక్ష్మి దగ్గరే నేర్చుకుంది.

"స్ప్రింగు ఒక చుట్టు గ్యాసుతో కోసేస్తే సరిపోద్దంటగా భాయ్? వీడియోల్లో చూశాను" అంది రాజ్యలక్ష్మి.

కరిముల్లా టోపీ తీసి తల గోక్కుని మళ్లీ పెట్టుకున్నాడు. "కోయొచ్చమ్మా. కోస్తే దిగుద్ది కూడా. కానీ గతుకులో చక్రం గాల్లో వేలాడిందనుకోండి, ఆ పొట్టి స్ప్రింగు కూర్చున్న చోటునుంచి ఊడొస్తది. మళ్లీ దిగేటప్పుడు వంకరగా కూర్చుందంటే స్టీరింగు మీ మాట వినదు. వేడికి ఉక్కులో సత్తువా పోద్ది. నా షెడ్డులో కోతల్లేవు."

"అయితే రెండు అంగుళాలు దించే దారి ఇంకేమన్నా చూడండి. చూట్టానికి బాగుంటది."

"చూట్టానికా, తోలటానికా?"

రాజ్యలక్ష్మి నవ్వేసింది. ఒక్క అంగుళానికి ఒప్పందం కుదిరింది. అఫ్సా కోయంబత్తూరు నుంచి పొట్టి స్ప్రింగులు, వాటికి జతగా షాకబ్జార్లు తెప్పించింది. స్ప్రింగు కింద మరలున్న కాలరు ఉంటుంది. దాన్ని తిప్పితే బండి పైకీ కిందికీ జరుగుతుంది.

ఫోన్ వచ్చింది ఆ తర్వాతే. "సీట్లో మనిషి బరువు పడ్డాకే ఎత్తు కట్టాలమ్మా, అప్పుడే బోల్టులు బిగించాలి. ఖాళీ బండికి కడితే మీరు ఎక్కగానే కుడిపక్క కిందికి పోద్ది. ఓ గంటన్నర వచ్చి కూర్చుంటారా? కుదరకపోతే మీ బరువు చెప్పండి, ఆ లెక్కకి బస్తాలు పెడతా."

ఆ సమయానికి కారులో భానుశ్రీ అనే శిష్యురాలు రివర్సు నేర్చుకుంటోంది. పొద్దున్నే నడిస్తే ఒళ్లెలా తేలికవుతుందో రాజ్యలక్ష్మి ఆ పిల్లకి అప్పుడే అరగంట ఉపన్యాసమిచ్చి ఉంది. "అరవై రెండు" అనేసింది నోరు.

సాయంత్రం వెళ్లి చూస్తే తన సీట్లో రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు, వాటి మీద పన్నెండు కిలోల ఇనుము, అన్నిటికీ కలిపి సీటు బెల్టు. అఫ్సా కారుని జాకీ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా ఒక్కో స్ప్రింగునీ రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఒక్కటీ కదల్లేదు. కారు కిందికి దించాక కరిముల్లా ఒక చెక్క దిమ్మె తెచ్చాడు. డ్రైవరు సీట్లో ఉండగా ఐదంగుళాల దిమ్మె కారు కింద ఈ పక్క నుంచి ఆ పక్కకి దూరాలని పోటీ నియమం. ఆయన కొలత కట్టి అలాంటిదే ఒకటి చేయించాడు. దిమ్మె సాఫీగా దూరిపోయింది.

"అగ్గిపుల్ల పట్టే సందు మిగిలింది. అంతకన్నా ఎత్తుంటే దండగ, అంతకన్నా దిగితే తంటా" అన్నాడు మురిసిపోతూ.

కనీసం అప్పుడైనా చెప్పాల్సింది. ఆ బస్తాలు తనకంటే నాజూగ్గా ఉన్నాయని ఆవిడకి కనబడుతూనే ఉంది. ఏ మాత్రం తేడా ఉంటుందిలే అనుకుని, టీ తాగి ఇంటికి వచ్చేసింది.

పోటీ రోజు పొద్దున చల్లపల్లి చేలల్లో తిరనాళ్లలా ఉంది. ట్యాంకరు మట్టి తడుపుతోంది, మైకు మోగుతోంది, భానుశ్రీతో పాటు ఇంకో నలుగురు శిష్యురాళ్లు గొడుగులేసుకుని వచ్చారు. పేర్ల నమోదు, కార్ల పరీక్ష పదకొండింటికి మూసేస్తారు. పది దాటాక వీళ్ల వంతు వచ్చింది. కార్లను పరీక్షించే ఆరోన్ అనే కుర్రాడు స్ప్రింగులు ఊపి చూసి మెచ్చుకున్నాడు. రాజ్యలక్ష్మిని సీట్లో కూర్చోమని దిమ్మె దూర్చాడు. ఎడమపక్క హాయిగా వెళ్లింది. కుడిపక్క ఆగిపోయింది.

"కొంచెం తగులుతోందండీ" అన్నాడు ఆరోన్.

కరిముల్లా తెల్ల చొక్కాతోనే తడి మట్టిలో పడుకుని చూశాడు. లేచి, కొలిచి, మళ్లీ పడుకున్నాడు. అగ్గిపుల్ల సందు పోయి, ఇంకో అగ్గిపుల్ల మందం కిందికి వచ్చింది కారు.

"కాలరు రెండు చుట్లు తిప్పితే అయిపోద్దిగా" అంది అఫ్సా.

"ఎందుకు దిగిందో తెలీకుండా తిప్పుతావా? నిన్న నిలబడ్డ బండి ఇవాళ దిగిందంటే స్ప్రింగు కుంగిందో, కాలరు జారిందో, ఏదో ఒకటి సడలింది. అట్లాంటి బండిలో అమ్మని ఎక్కించను. ఇంటికి తీసుకుపోదాం." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "కమాను మీద చెయ్యేసి ఎన్ని టన్నులు మోస్తదో చెప్పేవాణ్ణి. చెయ్యి పోయింది బేటీ. రేపట్నుంచి షెడ్డు నువ్వే చూసుకో."

రాజ్యలక్ష్మికి విషయం అర్థమైంది. పోటీ పోతే పోయింది, వచ్చే ఏడు ఉంటుంది. కానీ నలభై ఏళ్ల పనితనం మీద ఆయనకున్న నమ్మకం తను ఆడిన అబద్ధం వల్ల ఇలా మట్టిలో కలిసిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎలా? దిగి ఆయన దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది.

"భాయ్, తప్పు మీది కాదు. నా బరువు అరవై రెండు కాదు, డెబ్బై తొమ్మిది."

కరిముల్లా దిగులుగా నవ్వాడు. "మీ మంచితనం అమ్మా అది. ముసలాడి పరువు నిలబెడదామని అంటున్నారు. ఎవరన్నా పదిహేడు కిలోలు తప్పు చెప్తారా?"

ఏళ్ల తరబడి అబద్ధం చెబితే జనం నమ్మారు. ఇప్పుడు నిజం చెబితే ఈ ఒక్క మనిషీ నమ్మడం లేదు! రాజ్యలక్ష్మికి ఒళ్లు మండింది. చుట్టూ చూసింది. చేను గట్టు మీద రేకుల పాక కింద, ఆ చేను గలావిడ బుల్లెమ్మ మినుముల బస్తాలు తూయడానికి కాటా సర్దుకుంటోంది. రాజ్యలక్ష్మి హెల్మెట్టు అఫ్సా చేతిలో పెట్టి గబగబా అటు నడిచింది. వెనకాలే కరిముల్లా, ఆరోన్, శిష్యురాళ్లు, ఏం జరుగుతోందో తెలియని మరో పాతికమంది.

"దిగండమ్మా, అది బస్తాలకి" అంది బుల్లెమ్మ, కాటా ఎక్కిన రాజ్యలక్ష్మిని చూసి.

"నేనూ బస్తానేలే. తూయి, అందరికీ వినబడేట్టు చెప్పు."

బుల్లెమ్మకి రెండోసారి చెప్పక్కర్లేదు. ఆ రోజుకి అదే మొదటి తూకం. మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. బస్తాలు మోసేవాళ్లకు చేనుకి ఆ చివర దాకా వినబడాలని అలవాటైన గొంతు ఆవిడది.

"లాభం! డెబ్బై తొమ్మిదిన్నరా!"

"ఆ అర బూట్లది" అంది రాజ్యలక్ష్మి తలెత్తుకుని.

కరిముల్లా వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటున్నాడు. "పదిహేడు పైన... అందులో కుడి ముందు చక్రానికి ఇంత... రెండగ్గిపుల్లలు. సరిగ్గా రెండు!" ఆయన మొహం విప్పారింది. "కుంగలా! ఏదీ కుంగలా, ఏదీ జారలా!" అని అరుస్తూ ఆరోన్‌ని వాటేసుకున్నాడు. ఆ కుర్రాడి చొక్కా కూడా మట్టి అయింది. తన బరువు విని ఒక మనిషి ఇంత సంతోషిస్తాడని రాజ్యలక్ష్మి కలలో కూడా అనుకోలేదు. ఆవిడకి నవ్వాగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు.

"మేడమ్, మరి నాకు చెప్పిన వాకింగూ..." అని భానుశ్రీ నసిగింది.

"రేపట్నుంచి ఇద్దరం నడుద్దాం. నోర్మూసుకుని జాకీ పట్టుకో."

ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టి కాలరు తిప్పారు, బోల్టులు సడలించి మళ్లీ బిగించారు, ఆవిణ్ణి దింపి చక్రాలు వేలాడదీసి స్ప్రింగులు ఊపి చూశారు. ఆవిడ మళ్లీ ఎక్కాక దిమ్మె వేస్తే రెండు పక్కలా ఒకేలా దూరింది. పదకొండుకి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. ఆ సందట్లోనే, కండలు తిరిగిన ముగ్గురు మగ డ్రైవర్లు ఆరోన్ దగ్గర చేరి, పేర్లిచ్చిన ఫారంలో మా బరువు దగ్గర చిన్న పొరపాటు పడిందండీ, దిద్దుకోవచ్చా అని గొణిగారు.

జెండా ఊపగానే రాజ్యలక్ష్మి యాక్సిలరేటరు నొక్కింది. మొదటి మలుపులో కారు ఒరగకుండా నేలని పట్టుకుని తిరిగింది. రెండో మలుపు అవతల గట్టు తీసేసిన చోట ఎత్తు ఉంది. అక్కడ కుడి చక్రాలు నేలను వదిలి, మళ్లీ చప్పుడు లేకుండా వచ్చి వాటి చోట్లో అవి కూర్చున్నాయి. హెల్మెట్లో ఆవిడ గట్టిగా కేక పెట్టింది, ఎవరికీ వినబడకపోయినా. దుమ్ములో శిష్యురాళ్ల గొడుగులు రంగురంగులుగా వెనక్కి పోయాయి. ఇంత ఆనందం కొన్ని నిమిషాల్లో పడుతుందా అనిపించింది.

ఆడవాళ్ల విభాగంలో పోటీపడ్డ ఐదుగురిలో మూడో స్థానం వచ్చింది. మైకులో ఆ మాట చెబుతుంటే ఆవిడ కరిముల్లాని వెతుక్కుంటూ వెళ్లింది.

"ఎంత టైము పట్టిందో చూశారా భాయ్?"

"టైము చూళ్లేదమ్మా, చక్రాలే చూస్తా ఉన్నా. ఆ ఎత్తు మీద లేచి, దిగి, ఎంత బుద్ధిగా కూర్చున్నాయో!" అన్నాడాయన. ఆ గొంతులో పొద్దుటి దిగులు మచ్చుకైనా లేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇంకో రౌండు ఉందని మైకు చెప్పింది. బుల్లెమ్మ అందరికీ పాకలోనే ఆకులు వేసింది. గోంగూర పప్పు, మాగాయి, గడ్డ పెరుగు చూసి రాజ్యలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తినండమ్మా, కడుపునిండా తినండి" అన్నాడు కరిముల్లా, జేబులోంచి కాలరు తిప్పే పానా తీసి ఆకు పక్కన పెట్టుకుంటూ. "తిన్నాక ఒక్కసారి కాటా ఎక్కి నిజం చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంటా."

రాజ్యలక్ష్మి రెండోసారి అన్నం పెట్టించుకుంది.