గదిని బట్టి కోత

గణపతిరావుని నేను జన్మలో మన్నించను. సాలూరులో మా పేటకి సూదిమందు వేసేది వాడే. వరసకి నాకు బావ. వాడి పెళ్లికి జనాన్ని నా లారీలోనే తోలాను, డీజిలు డబ్బులు కూడా అడగలేదు.

మొన్న మాఘంలో మా ఆవిడ కూర్మమ్మ కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే వాడే స్కానింగు తీయించాడు. పిత్తసంచిలో రాళ్లున్నాయి, సంచి తీయించెయ్యాలి అన్నాడు. అంతవరకూ న్యాయమే. తన కారులోనే విజయనగరం తీసుకెళ్లాడు. పాత మిషన్ ఆసుపత్రి గేటు దాటిపోతుంటే కూర్మమ్మ అడిగింది.

"అన్నయ్యా, ఇక్కడ సూపిస్తే సాలదేటి?"

"ఇక్కడ గోడల నిండా బల్లులమ్మా" అని వాడు గేరు మార్చాడు.

తీసుకెళ్లి అద్దాల ఆసుపత్రి ముందు దింపాడు. కౌంటరులో పిల్ల నవ్వుతూ, "ఏ రూము రాయమంటారండీ? జనరలా, షేరింగా, డీలక్సా?" అంది.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఏడో తరగతిలో బడి మానేసి క్లీనరుగా బండెక్కినవాణ్ని. ముప్ఫై ఏళ్ల లారీ బతుకులో నేర్చుకున్నది ఒకటే. బండి ఖాళీగా ఉందని ఎవడికీ చెప్పకూడదు. ఖాళీ అన్నావా, బ్రోకరు కిరాయి సగానికి తెగ్గోస్తాడు. టైరుకి డబ్బుల్లేకపోయినా, రెండు లోడ్లు నా కోసం కాచుకునున్నాయి అనాలి. ఆ అలవాటే అక్కడ నోరు తెరిచింది.

"డీలక్సే రాయమ్మా. డబ్బుకేటి లోటు?"

అప్పుడు నా జేబులో ఉన్నది ముప్ఫై వేల ఆరు వందలు.

ఆపరేషను గంటలోపే అయిపోయింది. నాలుగో రోజు బిల్లు చేతికిచ్చారు. లక్షా డెబ్బై నాలుగు వేల ఆరు వందలు. సాలూరు బయట రోడ్డు పక్కన నాకో స్థలముంది. నడుం పడిపోతున్నాది, ఇంక రెండేళ్ల కంటే ఎక్కువ స్టీరింగు పట్టలేను. అక్కడ పంచరు షెడ్డు వేసుకుని కూర్చుందామని ఆరేళ్లు తిండి తగ్గించుకుని కొన్న స్థలం. ఆ సాయంత్రమే దానికి బేరం పెట్టేశాను. మనిషి బతికింది కదా అనుకున్నాను.

పది రోజులకి డేవిడ్‌రాజు, వాళ్లావిడ గ్లోరీ పలకరించడానికి వచ్చారు. డేవిడ్‌రాజు ఒకప్పుడు నా దగ్గర క్లీనరే. ఇప్పుడు వాడికీ బండుంది. గ్లోరీ కూర్మమ్మ పక్కన చేరి, "అక్కా, నీకెన్ని కన్నాలెట్టారు?" అంది.

"నాలుగే."

"నాకూ నాలుగే. సంక్రాంతి ముందర తీయించేసినాను. సూడు."

నేను మొహం తిప్పుకున్నాను. కాసేపటికి కూర్మమ్మే పిలిచింది. "ఓలమ్మో! మావా, ఇలగొచ్చి సూడు."

చూశాను. బొడ్డు దగ్గరొకటి, డొక్క కింద ఒకటి, కుడి పక్కన రెండు. ఇద్దరి కడుపుల మీదా ఒకే కొలత పెట్టి పొడిచినట్టున్నాయి మచ్చలు.

"ఎవరమ్మా కోసింది?" అని గ్లోరీని అడిగాను.

"తిరుమలరావు డాక్టరు బావా. మిషన్ ఆసుపత్రికి మంగళవారాలు వస్తాడు."

"మాకూ ఆయనే! లచ్చివారం, అద్దాల ఆసుపత్రిలో. మీకెంతయ్యింది?"

"మందుల్తో కలిపి ముప్ఫై ఒక్క వేలు" అన్నాడు డేవిడ్‌రాజు. "నీకెంతయ్యింది గురువా?"

 కొండ ఘాటీ మధ్యలో ఇంజను ఆగిపోతే ఎలాగుంటుందో అలాగయ్యింది.

మంగళవారం మిషన్ ఆసుపత్రికెళ్లాను. బల్లులు నిజంగానే ఉన్నాయి. వరండాలో బల్ల మీద కూర్చుని స్టీలు గ్లాసుతో టీ తాగుతున్నాడు ఆ డాక్టరు. అద్దాల ఆసుపత్రిలో చూసిన మనిషే, అవే చెప్పులు. తగువాడదామనే వెళ్లాను. తీరా నోట్లోంచి మాట నెమ్మదిగా వచ్చింది.

"బాబూ, రెండు చోట్లా కోసింది మీరే. ఇక్కడ ముప్ఫై ఒకటి, అక్కడ లక్షా డెబ్బై అయిదేటి?"

ఆయన గ్లాసు దించాడు. "రెండు చోట్లా నాకొచ్చేది ఇంచుమించు ఒకటేనయ్యా. ఏం పని చేస్తావు నువ్వు?"

"లారీ అండీ."

"సాలూరు నుంచి రాయపూర్‌కి కిరాయెంత?"

"అదెలాగ సెప్పగలం బాబూ? తిరుగు లోడుందా, సీజనేటి, మధ్యన బ్రోకరెవడు, పార్టీకి ఎంత అవసరం..." అంటూ అంటూ ఆగిపోయాను.

ఆయన నవ్వలేదు. "ఈ బిల్డింగు తాతల నాటిది, దీని మీద అప్పు లేదు. అక్కడ అద్దాలకీ యంత్రాలకీ బ్యాంకు వాయిదాలున్నాయి. పైగా నువ్వు డీలక్సు తీసుకున్నావు. రూము పెరిగితే ఆపరేషను రేటు పెరుగుతుంది, థియేటరు రేటు పెరుగుతుంది. నేనొచ్చి ఎలా ఉందమ్మా అని అడిగినందుకు వేసే రేటు కూడా పెరుగుతుంది."

"రూము పెద్దదయితే పిత్తసంచి పెద్దదయిపోద్దేటి బాబూ?"

"అవదు. అవే నాలుగు కన్నాలు."

"మరి మమ్మల్ని తీసుకొచ్చినవాడికి?"

ఆయన టీ గ్లాసు వైపు చూశాడు. నాకు అర్థమైపోయింది.

కోపం రావాలి. రాలేదు. నా కళ్లు ఆయన చేతుల మీదే ఉండిపోయాయి. సన్నటి చేతులు, ఆడపిల్ల చేతుల్లాగున్నాయి. నాలుగు కన్నాల్లోంచి దూరి, టీవీలో చూసుకుంటూ, కూర్మమ్మ కడుపులోంచి పెసరగింజలంత రాళ్లు పదిహేడు తీసిన చేతులు. ఆ రాళ్లు సీసాలో పోసిచ్చారు, ఇంట్లో అరమార మీదున్నాయి. ఘాటీ ఎక్కే బండికి తన కిరాయెంతో తెలీదు. ఏ కిరాయికైనా ఒకేలా ఎక్కుతుంది. ఆ చేతులూ అంతే. మంగళవారం ఒక రకంగా, లచ్చివారం ఒక రకంగా కొయ్యలేదు. నాకు తెలీకుండానే దండం పెట్టాను. అంత చిన్న చేతి చుట్టూ అంత పెద్ద రేటు ఎలా పేరుకుపోయిందో ఇప్పటికీ నా బుర్రకి అందదు.

ఊరికి తిరిగొచ్చి గణపతిరావు గుమ్మంలో నిలబడ్డాను.

"ఎంత తిన్నావు బావా?"

వాడు తడబడలేదు. "నీ లోడుకి బ్రోకరుకి కమీషను నువ్వివ్వవేటి? ఇదీ అంతే. నువ్వు జనరలంటే నాకొచ్చేదీ తగ్గేది. డీలక్సన్న నోరెవడిది?"

 ఆ రోజు నుంచి వాడి గుమ్మం తొక్కలేదు.

కూర్మమ్మ ఇప్పుడు గారెలు కూడా తింటున్నాది. లోడుతో ఆ రోడ్డున వెళ్తే, నా స్థలంలో ఎవరో పాతేసిన సున్నం కొట్టిన హద్దురాళ్లు కనిపిస్తాయి. సెంటు ముప్ఫై రెండు వేలకి ఇచ్చేశాను. మొత్తం నాలుగున్నర సెంట్లు. నా జేబులోవి పోను బిల్లుకి తక్కువైనది సరిగ్గా అంతే, లక్షా నలభై నాలుగు వేలు.