పుర్రచేతి తుపాకి

తిరకాసంతా మల్లేశ్ పేరులోనే ఉంది.

అరబ్బీలో ‘మాలేష్’ అంటే పర్వాలేదు, పోనీలే అని అర్థం. పదకొండేళ్ల కింద కోరుట్ల పక్క పల్లె నుంచి అబుదాబి దిక్కు మదీనత్ జాయెద్‌లోని ఒక అరబ్బు ఇంటికి డ్రైవరుగా వచ్చిన రోజు, ఇంటి పెద్ద సయీద్ పేరు అడిగాడు. చెప్పాడు. ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

“నువ్వు పుట్టగానే మీ నాన్న పోనీలే అనుకున్నాడా ఏంటి?” అన్నాడు వచ్చీరాని హిందీలో. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అతని పేరు మాలేషే.

మల్లేశ్ కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే పాస్‌పోర్టు ముసలాయన బీరువాలోకి పోయింది. నవ్వు నవ్వే, బీరువా బీరువానే. తర్వాత వాళ్లిద్దరి మధ్య పెరిగిన ప్రేమ నిజమే గానీ, అది బీరువా తాళాన్నేం తీయలేదు.

పోయినేడు ఎండాకాలంలో ముసలాయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. నోట్లోంచి నాలుగైదు మాటలే తిన్నగా వస్తున్నాయి. అందరూ సయీద్‌ని బాబా అనేవాళ్లు. ఆ బాబాని లేపడం, కడగడం, గడ్డం దువ్వడం, తినిపించడం అన్నీ మల్లేశ్ మీద పడ్డాయి. ఎవరూ నేర్పలేదు. చేసి చేసి నేర్చుకున్నాడు.

ఒక్కటి మాత్రం నేర్చుకోలేదు. కుడిచెయ్యి ఇక రాదు, ఎడమచేత్తో తినడం అలవాటు చెయ్యమని డాక్టరు చెప్పాడు. జీ సార్ అని తలూపి వచ్చి మల్లేశ్ ఆ మాట అక్కడే వదిలేశాడు. ఎడమచెయ్యి కడుక్కునే చెయ్యి. ముప్పైమంది లేచి నిలబడి సలాం చెప్పే మనిషి చేత ఆ చేత్తో బువ్వ తినిపిస్తాడా? చెంచాను బాబా కుడిచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మడిచేవాడు. చెంచా జారేది.

“మాలేష్,” అనేవాడు బాబా.

“ఆ బాబా, ఈడనే ఉన్న,” అని మల్లేశ్ చెంచా తుడిచి మళ్లీ కుడిచేతిలోనే పెట్టేవాడు. ఎడమచెయ్యి గిన్నె వైపు కదిలితే మెల్లగా పట్టుకుని ఒళ్లో పెట్టేవాడు. అది మర్యాద అనుకున్నాడు.

బాబా నలుగురిలో తినడం మానేశాడు. మజ్లిస్ హాల్లో చుట్టాలందరూ పళ్లెం చుట్టూ కూర్చుంటే ఆయన గదిలో తలుపు వేయించుకునేవాడు. తర్వాత గదిలోనూ తిండి తగ్గింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. మల్లేశ్‌కి ఇంకే కోరికా లేదు. ఈ మనిషి మళ్లీ నలుగురిలో కూర్చుని కడుపునిండా తినాలి. రోజూ అదే గుబులు.

ఈ ఏడు అక్టోబరులో చిన్న కొడుకు హమద్ కొండమేకల వేటకు పరాయి దేశం పోతానని బయల్దేరాడు. దానికి కొత్త రైఫిల్ కావాలి. ఆ ఇంట్లో బాబా చూడకుండా తుపాకి కొనడమన్నది లేదు. అందుకే ఆయన్నీ బండెక్కించారు. అబుదాబి దాకా రెండు గంటలు. ఆ రోడ్డు మీదే పదేళ్లుగా బాబా మల్లేశ్‌కి తుపాకుల పాఠాలు చెప్పాడు. ఈ దేశంలో తుపాకి కొనే హక్కు ఉన్నవాడు ఒకడు, దాని పెట్టె మోసేవాడు ఇంకొకడు. మోసేవాడికే పాఠాలన్నీ కంఠతా వచ్చాయి.

షాపులో సేల్స్‌మన్ అన్నిటికంటే పొడుగాటి రైఫిల్ తీశాడు. కిలోమీటరున్నర దూరం కొడుతుందన్నాడు. హమద్ కళ్లు మెరిశాయి. చక్రాల కుర్చీలో బాబా ఎడమచేతి వేలెత్తి తన కళ్లు మూసి చూపించాడు.

హమద్‌కి అర్థమైంది. చిన్నప్పటి పరీక్ష. కళ్లు మూసుకుని తుపాకి భుజానికెత్తాలి, చెంప తుపాకి వెనకున్న కర్రకు ఆనించాలి, అప్పుడు కళ్లు తెరవాలి. పైనున్న స్కోపు దుర్భిణిలో బొమ్మ నిండుగా కనబడాలి. మెడ సాచాల్సొచ్చినా, తల వంచాల్సొచ్చినా అది నీ తుపాకి కాదు. హమద్ కళ్లు తెరిచాడు. స్కోపులో సగం నలుపు.

“కొండెక్కేది పొద్దంతా. పేల్చేది ఒక్కసారి,” అన్నాడు మల్లేశ్ హిందీలో. అది బాబా మాటే. బాబా తలూపాడు.

నాలుగోది కుదిరింది. సన్నటి గొట్టం, తేలిక. బోల్టు పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాడు హమద్. అంతసేపూ చెంప కర్రను వదల్లేదు. అదీ చూడాల్సింది. తల లేపకుండా రెండో గుండు ఎక్కితేనే బోల్టు తుపాకి పనికొచ్చినట్టు. బాబా వేలు దించాడు. అయిపోయింది. హమద్ కాగితాల మీద సంతకాలకు మేనేజరు గదిలోకి పోయాడు.

పక్కన పడున్న పొడుగు రైఫిల్ పెట్టె జరపబోయి మల్లేశ్ గొణిగాడు. “నీ తల్లి, గిది తుపాకా, దూలమా?”

వెనక ఎవరో పకపకా నవ్వారు. నీలం కోటు, చెవి మీద పెన్సిలు, జుట్టులో రంపప్పొట్టు. తుపాకి కర్రలు మనిషి కొలతకు చెక్కే మేస్త్రీ.

“తెలుగోనివేనా నాయనా? యా ఊరు మీది?”

“కోరుట్ల దిక్కు. నువ్వు భాయ్?”

“పొద్దుటూరు. షావలి నా పేరు. ఇరవయ్యేండ్లుగా ఈ కట్టెల్తోనే కాపురం. నీ పేరేమప్పా?”

“మల్లేశ్.”

“అరబ్బోళ్ల కొంపలో మల్లేశా! బాగా కుదిరిందిలే,” అని షావలి మళ్లీ నవ్వాడు. నవ్వుతూనే కుర్చీ వైపు చూసి ఆగాడు. బాబా ఎడమచెయ్యి కుర్చీ చేతిమీద ఉంది. చూపుడువేలు మెల్లగా, చాలా మెల్లగా ముడుచుకుంటోంది. ఆగుతోంది. మళ్లీ ముడుచుకుంటోంది.

“ఆ యేలు సూసినావా?”

“అది వణుకుడు భాయ్. ఎప్పటికుంటది.”

“వణుకు అట్లుండదప్పా. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ లాగతాండాడు పెద్దాయన. బాగా సూడు.”

షావలి లోపలికి పోయి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు. లోపల లావుపాటి గొట్టంతో ఒక రైఫిల్. ఏదో తేడాగా ఉంది. మల్లేశ్‌కి వెంటనే అందలేదు. తర్వాత చూశాడు. బోల్టు పిడి అటువైపు ఉంది. ఎడమవైపు.

“పుర్రచేతి వాటం. ఎవురో ఆర్డరిచ్చి రాలా. ఆరేండ్లుగా మూలన పడుండాది,” అంటూ షావలి దాన్ని ఎడమచేత్తో పట్టి బాబా ముందుకు చాపాడు.

మల్లేశ్‌కి మండింది. “గిదేంది భాయ్? పెద్దమనిషికి పుర్రచేత్తో ఇస్తున్నవ్? తెల్వదా?”

“నాది పుట్టుకతోనే పుర్రచెయ్యిరా సామీ. మా అమ్మ గుడ్డపేలికతో కట్టేసింది, అయివారు బెత్తంతో ఇరగ్గొట్టినాడు. అది సచ్చిందా? ఈ పొద్దు బువ్వ పెట్టేది అదే. ఆయప్పకు మిగిలిందీ అదే కదా?”

“బువ్వ గూడ గా చేత్తోనే తినుమంటవా? మీ మతంల తప్పు గాదా?”

“కుడిసెయ్యి ఉన్నోనికి తప్పు. లేనోనికి మాఫీ ఉంది. దేవుడే ఒప్పుకున్నాడు, మధ్యలో నీదేందప్పా జులుం?”

 రైఫిల్ బాబా ఒళ్లో ఉంది. మల్లేశ్ అలవాటు కొద్దీ వంగి, బాబా చచ్చుబడిన కుడిచెయ్యి ఎత్తి, పిడి మీద పెట్టి వేళ్లు మడిచాడు. చెయ్యి జారింది.

“మాలేష్,” అన్నాడు బాబా.

“ఆ బాబా, ఉన్న.” మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

“మాలేష్!” ఈసారి గట్టిగా. కళ్లలో నీళ్లు.

“ఉన్న బాబా, ఈడనే ఉన్న...”

షావలి మల్లేశ్ భుజం పట్టి వెనక్కి లాగాడు. “నిన్ను కాదురా పిలుచ్చాండేది! పోనీలే అంటాండాడు. ఆ సెయ్యి పోయింది, వదిలెయ్ అంటాండాడు!”

మల్లేశ్ బాబా కళ్లలోకి చూశాడు.

ఏడాదిన్నర. చెంచా జారినప్పుడల్లా, గిన్నె ఒలికినప్పుడల్లా, వేళ్లు మడిచినప్పుడల్లా అదే మాట. బాబా ప్రతిసారీ వదిలెయ్ అన్నాడు. తను ప్రతిసారీ వచ్చాను అన్నాడు. ఎడమచెయ్యి గిన్నె వైపు వస్తే పట్టుకుని ఒళ్లో పెట్టిందెవరు? తనే. రోగం ఒక చెయ్యి తీసుకుంటే, మర్యాద పేరు చెప్పి రెండో చెయ్యి తను కట్టేశాడు. షావలి వాళ్లమ్మ గుడ్డపేలికతో కట్టింది, తను ప్రేమతో కట్టాడు. ముడి మాత్రం ఒకటే.

మోకాళ్ల మీద కూర్చున్నాడు. చచ్చుబడిన కుడిచేతిని తీసి మెల్లగా ఒళ్లో పక్కకు పెట్టాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు. అంతకంటే కష్టమైన పని ఆ ఇంట్లో ఏనాడూ చెయ్యలేదు.

బాబా ఎడమచెయ్యి కర్ర మీద పాకింది. బోల్టు పిడి దొరికింది. ఎత్తాడు, లాగాడు, తోశాడు, దించాడు. ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు. కళ్లు మూసుకుని ఇంకోసారి. ఇంకోసారి.

హమద్ బయటికొచ్చి చూశాడు. మొహం మాడింది. “ఎవడు తీయమన్నాడు దీన్ని? బాబా, మాలేష్. పోనీండి, ఇంటికెళ్దాం.”

బాబా కొడుకు వైపు చూడలేదు. మల్లేశ్ వైపు చూశాడు.

“మాలేష్,” అన్నాడు.

షావలి నోరు తెరవబోయి మూసుకున్నాడు. ఈసారి అది పిలుపే, ఎవరూ విడమర్చాల్సిన పని లేకపోయింది. మల్లేశ్ లేచి నిలబడ్డాడు. పదకొండేళ్లలో హమద్ మాటకు ఎదురు చెప్పింది లేదు. ఎదురు చెప్పినవాడి వీసా ఏమవుతుందో తెలుసు.

“ఇది బాబాకి కావాలి,” అన్నాడు హిందీలో.

“ఇంత బరువు ఎవరు మోస్తారు?”

“బల్ల మోస్తుంది. షూటింగ్ క్లబ్బులో బల్ల మీద ఇసుక సంచుల మధ్య పెడతారు. బరువుంటేనే భుజానికి దెబ్బ తక్కువ. బాబా చెప్పిందే.”

“ఎడమచేత్తోనా? నలుగురూ చూస్తారు. ఆయనకు సిగ్గు.”

“ఆయనకేం సిగ్గు లేదు,” అన్నాడు మల్లేశ్. “సిగ్గు నాకుండె. నీకుంది. మనిద్దరి సిగ్గుకు ఆయన పస్తుంటున్నాడు.”

  హమద్ ఏదో అనబోయాడు. అప్పుడు బోల్టు ఇంకోసారి చప్పుడయింది. హమద్ తండ్రి చేతికేసి చూశాడు.  తనకు ఏడేళ్లప్పుడు కళ్లు మూసి తుపాకి పట్టించిన చేతులవి. ఆ రెంటిలో ఒకటి.

“మేనేజరుని పిలువు,” అన్నాడు షావలితో. “దీనికీ కాగితాలు రాయమను. నా లైసెన్సు మీదే.”

షావలి కొలత తీశాడు. బాబా మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా పెన్సిలు పెట్టి చూసి, కర్ర ఒక అంగుళం కోయాలన్నాడు. రెండు వారాలు పట్టింది.

శుక్రవారం పొద్దున క్లబ్బులో కోచ్ రైఫిల్‌ని ఇసుక సంచుల మీద సర్దాడు. పేల్చేవాళ్ల చోటుకు గీసిన పసుపుగీత దాటే హక్కు మల్లేశ్‌కి లేదు. వెనక నిలబడి గోళ్లు కొరుక్కున్నాడు. మొదటి గుండు గురి కాగితానికే తగల్లేదు. రెండోదీ అంతే. బాబా తొందరపడలేదు. చెంప కర్ర మీదే ఉంది. చెయ్యి కిందికి పోయి బోల్టు ఎత్తింది. మూడోది కాగితం చివర, గుండ్రాల బయట చిన్న చిల్లు పెట్టింది. కోచ్ తర్వాతి గుండుకు సంచి సర్దాడు. హమద్ మాత్రం చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో బల్లలన్నీ నిండున్నాయి. తెలిసినవాళ్లు వచ్చి బాబా నుదుటి మీద ముద్దు పెట్టిపోతున్నారు. మల్లేశ్ అన్నం గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. చెంచా గిన్నెకు ఎడమపక్కన ఉంచాడు. చేతిలో పెట్టలేదు. ఎప్పటిలాగే కుర్చీ వెనక్కి పోయి నిలబడ్డాడు.

చెంచా లేచింది. సగం గడ్డంలో ఒలికింది. పక్క బల్లవాళ్లు చూశారు. చూస్తే చూశారు. బాబా నమిలాడు, మింగాడు, ఇంకో చెంచా తీసుకున్నాడు. గిన్నె సగమయింది.

“మాలేష్.”

మల్లేశ్ గబుక్కున వంగి ఒలికిన మెతుకుల కోసం తువ్వాలు తీశాడు. బాబా తల అడ్డంగా ఊపాడు. చెంచా పక్కన పెట్టి, ఎడమచేత్తో పక్కనున్న ఖాళీ కుర్చీ మీద తట్టాడు. రెండుసార్లు.

మల్లేశ్ హమద్ వైపు చూశాడు. హమద్ ఇంకో పళ్లెం జరిపాడు.

మల్లేశ్ కూర్చున్నాడు.