నలభై ఏడో బోను

రాయిసాకు ఒక నక్క మీద అసూయ పుట్టింది. నవ్వేవాళ్ళు నవ్వండి. యాభై రెండేళ్ళొచ్చి, అందులో పాతికేళ్ళు నక్కల్ని మచ్చిక చేసే ఫారంలోనే గడిపి, ఇప్పుడొక నక్కను చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమేమిటని తనకు తనే చీవాట్లు పెట్టుకుంది. చీవాట్లకు లొంగే అసూయ అయితే అసలు పుట్టేదే కాదు.

సైబీరియాలో మంచు మొదలయ్యే రోజుల్లో ఆ ఫారంలో పరీక్షలు జరుగుతాయి. బోను తలుపు తీసి, తోలు గ్లౌజు వేసుకున్న చెయ్యి లోపల పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడాలి. తోకాడిస్తూ వచ్చి చెయ్యి నాకిన నక్కది ఒకటో తరగతి. దాన్ని సంతానానికి ఉంచుతారు. రాకుండా, కరవకుండా మూల కూర్చుంటే రెండో తరగతి. వచ్చే ఏడు మళ్ళీ చూస్తారు. కరిస్తే మూడో తరగతి. అది చర్మాల షెడ్డుకు పోతుంది. కొన్ని పదుల తరాలు ఇలా ఏరుకుంటూ వచ్చేసరికి, నక్కలు కాస్తా మనిషి కోసం మూలుగుతూ ఎదురుచూసేవయ్యాయి. రాయిసా బూట్ల చప్పుడు వినబడితే చాలు, షెడ్డంతా తోకలే.

ఆ చప్పుడుకు తలైనా ఎత్తనిది ఒక్కతే. ఆమె కూతురు ఉస్తీన్యా.

ఉస్తీన్యాకు ఇరవై రెండేళ్ళు. అదే ఫారంలో బోనులు కడుగుతుంది. ఆటిజం అన్న మాట పట్నం డాక్టరు చెప్పేసరికే పిల్లకు పన్నెండేళ్ళొచ్చాయి. అంతకు ముందు ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టారు. మొండిదన్నారు, పొగరన్నారు. రాయిసా మాత్రం గడ్డం పట్టుకుని, "నా కళ్ళలోకి చూడు తల్లీ, ఒక్కసారి చూడు" అని బతిమాలేది. చూసేదాకా జావ చెంచా నోటికి అందించేది కాదు. ఆ రోజుల నాటి మచ్చ ఒకటి రాయిసా కుడి మణికట్టు మీద ఇప్పటికీ ఉంది. ఎవరైనా అడిగితే నక్క కరిచిందని చెప్పేది.

ఆ వసంతంలో మాస్కో నుంచి ఓ పెద్ద పండితుడు వచ్చి ఉపన్యాసమిచ్చాడు. మనిషి కూడా ఈ నక్కల్లాగే మచ్చికయ్యాడట. తనను తనే మచ్చిక చేసుకున్నాడట. కరిచేవాళ్ళను గుంపు తరిమేసిందట, నలుగురిలో ఇమిడేవాళ్ళు మిగిలారట, మన దవడలు చిన్నవయింది అందుకేనేమోనట. అది చాలామంది ఒప్పుకోని ఊహేనని కూడా ఆయన చెప్పాడు గానీ, ఆ ముక్క ఎవరూ వినలేదు.

టీ వేళకి ఫాయినా పొద్దుతిరుగుడు గింజలు నములుతూ అంది. రాయిసాతో పాటు పరీక్షలు చేసే మనిషి ఆమె.

"అయితే పాత రకం అక్కడక్కడ మిగిలిపోయే ఉంటుందన్నమాట. ఇంకెక్కడో వెతకడం దేనికి, మన ఉస్తీన్యా లేదూ!"

అందరూ నవ్వారు. రాయిసా కూడా నవ్వింది. ఇంటికెళ్ళాక ఆ నవ్వు తలుచుకుంటే అన్నం ముద్ద దిగలేదనుకోండి, అక్కడ అన్నం ఎక్కడిది, నల్లరొట్టె ముక్క దిగలేదు.

ఇక ఆ నక్క సంగతి. నలభై ఏడో బోనులో ఉండే నల్ల ఆడనక్క అది, ఆ ఏటి పిల్ల. ఎవరి దగ్గరికీ రాదు. పనయ్యాక ఉస్తీన్యా బకెట్టు బోర్లించి, ఆ బోనుకు వీపు ఆనించి కూర్చునేది. లోపల నక్క కూడా బోను తీగల వలకు వీపు ఆనించి కూర్చునేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. అలా అరగంట. వలలోంచి దాని నల్ల బొచ్చు బయటికొచ్చి ఉస్తీన్యా కోటుకు అంటుకునేది. తల్లి భుజం మీద చెయ్యి వేస్తే వేడినీళ్ళు పడ్డట్టు ఉలిక్కిపడే పిల్ల!

రాయిసాకు కడుపు రగిలిపోయింది.

"అంతసేపు దాని దగ్గర ఏం చేస్తావే?" అని అడిగింది ఒకరోజు.

"కూర్చుంటాను."

"నా దగ్గర కూర్చోవచ్చుగా?"

"నువ్వు చూస్తావు."

"చూడక? కన్నతల్లిని, చూడకుండా ఎలా ఉంటానే?"

ఉస్తీన్యా బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

పరీక్షల రోజు వచ్చింది. షెడ్డుకు పెద్ద అయిన సవేల్యెవిచ్ చేతిలో గడియారం, కాగితాల అట్ట. పక్కన ఫాయినా. కాస్త దూరంలో బకెట్టుతో ఉస్తీన్యా. నలభై ఏడో బోను రాయిసా వంతుకొచ్చింది.

నక్క కళ్ళలోకి చూడకూడదన్నది అక్కడ చేరిన మొదటిరోజే నేర్పుతారు. తోక చూడు, కాళ్ళు చూడు, కళ్ళు చూడకు. రాయిసా చెయ్యి లోపల పెట్టింది. మెడ వంచి, సూటిగా దాని కళ్ళలోకి చూసింది. నువ్వెవతివే నా పిల్లను లాక్కోవడానికి, అనుకుంది. నక్క మూలకు ఒదిగింది. చెవులు వెనక్కి వాల్చింది. రాయిసా రెప్ప వెయ్యలేదు. మూడో నిమిషంలో అది ఎగిరి గ్లౌజు పట్టుకుని కొరికింది.

"మూడు" అని రాసుకున్నాడు సవేల్యెవిచ్.

రాయిసాకు సంతోషమేసింది. దాచడమెందుకు, గొప్ప సంతోషమేసింది.

"తప్పు" అంది ఉస్తీన్యా.

అందరూ తిరిగి చూశారు. ఆమె బకెట్టు అంచు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఏడో నియమం. పరీక్ష చేసేవాళ్ళు జంతువు కళ్ళలోకి చూడకూడదు. అమ్మ చూసింది. మూడు నిమిషాలు. వంగి మరీ చూసింది."

ఫాయినా నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది.

"అమ్మాయి ఏదో అంటోంది, రాయిసా. నిజమేనా?" అన్నాడు సవేల్యెవిచ్.

కాదంటే సరిపోయేది. పాతికేళ్ళ చెయ్యి ఆమెది, ఆమె మాటే చెల్లుతుంది. నక్క రేపటికల్లా చర్మాల షెడ్డులో ఉంటుంది. రాయిసా నోరు తెరిచింది.

"కళ్ళలోకి అలా చూస్తే ఎవరైనా కరుస్తారు," అంది ఉస్తీన్యా. గొంతులో కోపం లేదు, నింద లేదు. "నేనూ కరిచాను. నాలుగేళ్ళప్పుడు. నువ్వు గడ్డం పట్టుకున్నావు. కరిస్తే వదిలేశావు."

గ్లౌజు కింద మణికట్టు భగ్గుమంది. ఆ పట్టును, ఆ కాటును, ఆ జావ గిన్నెను పిల్ల మరిచిపోయిందనే ఇన్నేళ్ళూ అనుకుంది. తను మచ్చిక చేస్తున్నాననుకున్న ప్రతిసారీ ఆ పిల్ల మూలకు ఒదుగుతూనే ఉందన్నమాట.

"నిజమే. చూశాను," అంది రాయిసా.

"నువ్వా? ఎందుకు?"

"కడుపుమంట, సవేల్యెవిచ్. ఇంకేముంటుంది, ఒట్టి కడుపుమంట."

ఆయన ఇంకేమీ అడక్కుండా అంకె కొట్టేశాడు. మర్నాడు ఫాయినా చెయ్యి పెట్టింది. నక్క రాలేదు, కరవలేదు. రెండో తరగతి. ఇంకో ఏడాదికి బతికిపోయింది. బకెట్టు పిడి మీద బిగుసుకున్న ఉస్తీన్యా వేళ్ళు వదులవడం రాయిసా చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది.

సాయంత్రం బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. రోజూ అయితే రాయిసా దారంతా కూతురి ముఖమే చూసేది, ఏదైనా పలుకుతుందేమోనని. ఆ రోజు కిటికీ వైపు తిరిగి, పిల్లకు వీపు చూపించి కూర్చుంది. కిటికీ అద్దంలోనూ ఉస్తీన్యా కనబడుతోంది. అందుకని కళ్ళు మూసుకుంది.

మూడో స్టాపు దాటాక వీపు మీద బరువు పడింది. దళసరి కోటు, దానిలో వెచ్చగా ఓ వీపు.

తిరిగి చూడాలని ఆమె ఒళ్ళంతా లాగేసింది. ఈ ఆనుకోవడం నక్క దగ్గర అలవాటైందేగా, నా దగ్గర కాదుగా అని అసూయ మళ్ళీ కుట్టింది. కుడితే కుట్టిందని మెడ బిగబట్టుకుంది. వాళ్ళ స్టాపు వచ్చింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. రాయిసా కదల్లేదు.

"అమ్మా, మన స్టాపు దాటిపోయింది," అంది ఉస్తీన్యా. వీపు మాత్రం తియ్యలేదు.

"తెలుసు," అంది రాయిసా, కళ్ళు తెరవకుండానే.