జీతం వచ్చే ఇల్లు

చెంగయ్య విత్తనం మూట భుజాన వేసుకుని పట్నంలో అంబత్తూరు స్టేషన్లో లోకల్ రైలు దిగిన పొద్దున, అతని చెల్లెలు అమ్మణి ఇంట్లో పొయ్యి వెలగలేదు. అంతకు ముందు రాత్రీ వెలగలేదు. ఆ సంగతి తెలిస్తే అతను ఆ మూటను ఊళ్ళోనే ఏ గోతిలోనో పూడ్చిపెట్టుకునేవాడు గానీ, ఇంత దూరం మోసుకొచ్చేవాడు కాదు.

అతనిది పళ్లిపట్టు వైపు ఒక పల్లె. ఉన్నది మెట్ట చేను. ముందటి ఏడు వాన మొహం చాటేసింది. వేసిన వేరుశనగలో చేతికొచ్చింది మళ్ళీ విత్తుకోవడానికి సరిపోయేంతే. ఆ కాయల్ని ఎండబెట్టి, వేపాకు కలిపి, గోనెసంచిలో పోసి, మూతి కుట్టి, పసుపు బొట్టు పెట్టాడు. బొట్టు పెట్టిన మూట మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. అది పెద్దలు పెట్టిన కట్టుబాటు. పిల్లల కడుపులకు ఆ కట్టుబాటు ఎవరు చెప్తారు? ఎండలు ముదిరేసరికి అతని చిన్నకూతురు గోనె దారాల మధ్య వేలు దూర్చి కాయలు లాగడం మొదలుపెట్టింది. చెంగయ్య చూసి చావబాదాడు.

"దాన్ని కొడితే ఏమొస్తాది?" అంది అతని పెళ్ళాం కస్తూరి. "మూట ఈడనే ఉంటే రేపు నేనే తింటా. తీసకపోయి అమ్మణి ఇంట్లో పెట్టి రా. ఆడ నెల తిరిగితే జీతం వస్తాది. వాళ్ళకు మన శెనక్కాయలొక లెక్కా?"

ఊళ్ళో ఇంకెవరింట్లో పెట్టినా అదే గొడవ. ఊరంతా గంజినీళ్ళ మీదే ఉంది. ఒక్కటే మేలు, ఆ మాట చెప్పుకోవడానికి అక్కడ ఎవరికీ సిగ్గు లేదు. పక్కింటివాళ్ళకు తాటిముంజలు దొరికితే సగం ఇటు వచ్చేవి. వీళ్ళు చింతచిగురు కోసుకొస్తే సగం అటు పోయేది. కడుపు నిండేది కాదు గానీ, ఆకలిని మూటగట్టి దాచుకోవాల్సిన ఖర్మ మాత్రం లేదు.

అమ్మణికి ఆ ఖర్మ కూడా ఉంది. వరసగా కట్టిన రేకుల ఇళ్ళు, వాటి ముందు చేతిపంపు, వీధి మొదట్లో ఆ ఇళ్ళ ఓనరు కోదండరాం మేడ. అమ్మణి మొగుడు వెంకటపతి ఫ్యాక్టరీల ఎస్టేటులో ఒక కంపెనీలో ప్రెస్సు మిషను మీద పనిచేసేవాడు. పొంగలి పండగ పోయిన కొన్నాళ్ళకు కంపెనీ లాకౌటయింది. ఓనరుకు తెలిసిందా, మర్నాడే సామాను వీధిలో ఉంటుంది. మూలింటివాళ్ళకు అదే జరిగింది. అందుకని వెంకటపతి రోజూ ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, టిఫిన్ క్యారియరు పట్టుకుని, మేడ ముందు నుంచే డ్యూటీకి పోయేవాడు. పోయి మూసిన గేటు ముందు తోటివాళ్ళతో కూర్చుని సాయంత్రానికి వచ్చేవాడు. క్యారియరు ఖాళీగా ఉంటే గిన్నెలు గలగలమంటాయని అమ్మణి అందులో పాతగుడ్డలు కుక్కేది. పట్నంలో పేదవాడు పస్తుంటే చాలదు, తిన్నట్టు నడవాలి కూడా. థూ, ఏం బతుకు!

చెంగయ్య వీధిలోకి వచ్చేసరికి సరిగ్గా ఆ క్యారియరే ఎదురైంది.

"ఏం బావా, డ్యూటీకా?"

"ఆఁ బావా, టైమైపోయింది. నువ్వు ఇంటికి పో, అమ్మణి ఉండాది," అని వెంకటపతి ఆగకుండా వెళ్ళిపోయాడు.

చెంగయ్యకు గుండె నిండిపోయింది. చొక్కా ఇస్త్రీ చేసినట్టుంది, క్యారియరు బరువుగా ఉంది. చెల్లెలు సుఖంగా ఉంది. తను సరైన చోటికే వచ్చాడు.

అమ్మణి అన్నను చూసి సంతోషపడింది. మూటను చూసి ఇంకా సంతోషపడింది, తమకు తినడానికి తెచ్చాడనుకుని. అతను దాన్ని గోడ వారగా దించి, పసుపు బొట్టు ఇటు తిప్పి, సంగతి చెప్పాడు.

"వానలు పడినాక వస్తా. అంతదాకా నీ కాడ ఉండనీ. మా ఇంట్లో అయితే పిలకాయలు బతకనీరు దీన్ని. ఇదుంటేనే మాకు వచ్చే ఏడు కూడు. నీకు తెలీందేముంది."

చెప్పెయ్యాలనే అనుకుంది అమ్మణి. అన్నా, ఈ ఇంట్లో నీ ఇంటికంటే కరువు, తీసుకుపో దీన్ని, అని నోటిదాకా వచ్చింది. గుమ్మం అవతలే ఓనరు పెళ్ళాం పంపు కొడుతూ ఉంది. ఆమెవి పాము చెవులు. దానికి తోడు అన్న మొహంలో ఆ వెలుగు. పుట్టింటివాళ్ళ ముందు తను బాగా బతుకుతున్నట్టు ఉండటం ఒక్కటే ఆమెకు మిగిలిన ఆస్తి.

"దానికేమన్నా, పెట్టిపో," అంది. పక్కింట్లో బియ్యం చేబదులు తెచ్చి వండి, అతనికి పెట్టి, తను తరువాత తింటానంది.

చాలా రోజులు ఓర్చుకున్నారు. నిజం చెప్పాలంటే చెంగయ్య ఇంట్లో ఓర్చుకున్నదానికంటే ఎక్కువే ఓర్చుకున్నారు. ఊళ్ళో అయితే కాలవగట్టున పొన్నగంటి కూరైనా పీక్కోవచ్చు. ఇక్కడ కిరసనాయిలు కొనాలి, తాగే నీళ్ళు కొనాలి, అప్పిచ్చే అంగడివాడు మొహం తిప్పుకున్నాక ఇక దారి లేదు. ఒకరోజు బడి నుంచి వచ్చిన పెద్దకూతురు శ్రీప్రియ "అమ్మా, పసిక్కుదు," అని అరవంలో ఆకలి చెప్పుకుని మూట పక్కనే నేల మీద పడుకుండిపోయింది. పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే అమ్మణి ఒకటి తగిలించి ఊరుకునేదేమో. అలా కదలకుండా పడుకునేసరికి తట్టుకోలేక మూతి కుట్టు విప్పింది.

"కంపెనీ తెరస్తానే మొదటి జీతంలో కొని పోస్తాం," అన్నాడు వెంకటపతి. "విత్తనం కాయలు కోయంబేడు మార్కెట్టులో దొరకవా ఏంది?"

పిడికెడుతో మొదలై దోసిలి అయింది. ఉడకబెట్టినవి క్యారియరులోకి కూడా ఎక్కాయి. పాపం, గేటు ముందు కూర్చున్న మనిషి ఎన్నాళ్ళని గుడ్డలు మోస్తాడు? మూట వాలిపోతుంటే అమ్మణి చూడలేకపోయింది. ఒలిచిన పొట్టునంతా మళ్ళీ అందులోనే పోసి, పైన గుప్పెడు వేపాకు వేసి, మూతి కుట్టి నిలబెట్టింది. ఎవరిని మోసం చెయ్యాలని? అన్ననా, ఓనరునా, తన కళ్ళనా? ఆమెకే తెలియదు. కంపెనీ మాత్రం తెరవలేదు. మిషన్లు లారీలకెక్కి ఎక్కడికో పోయాయి.

వానలు పడ్డాయి. నాలుగో రోజు పొద్దెక్కేసరికి చెంగయ్య వచ్చాడు, పంచె అంచుకు ఇంకా ఊరి బురదతో. "దుక్కి అయిపోయింది అమ్మణీ, నేల వెన్న మాదిరి ఉండాది," అంటూనే మూట మీదకు వంగి, రెండు చేతులా పట్టి, బలంగా ఎత్తాడు. మూట ఎగిరి అతని ఛాతీకి తగిలింది. వెనక్కి తూలాడు.

దించి, మూతి తెంపి, చెయ్యి మోచేతిదాకా దూర్చాడు. పొట్టు పైకి తీసి చూశాడు. ఇంకోసారి చెయ్యి పెట్టాడు, అడుగునైనా ఉంటాయేమోనని.

"లాకౌటన్నా," అంది అమ్మణి. "సంకురేత్రి నుంచీ జీతం లేదు. పిలకాయలు..."

"ఆ పొద్దే చెప్పకూడదా?" చెంగయ్య అరిచాడు. "ఒక్క మాట అనుంటే మూటతో పాటు నీ పిలకాయల్ని గూడా ఊరికి తోలకపోతును గదమ్మే! మేం తాగే గంజి వాళ్ళూ తాగుతారు. నా బిడ్డ ఒక్క కాయ లాగిందని వాతలు తేలేటట్టు కొడితిని. దాని నోట్లోంచి తీసి ఈడ తెచ్చి పెడితిని. ఇప్పుడు నాకెవురిస్తారు విత్తనం? నా చేను ఏం కావాల?"

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. కోదండరాం.

"ఏమ్మా, ఏంది సత్తం? మేడ దాకా వినపడతా ఉండాది."

చెంగయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ జోడించి ఉంది. ఓనరుకు కనపడకుండా, కడుపు దగ్గర. జీతం వచ్చే ఇల్లంటే ఏమిటో అప్పుడు అతనికి పూర్తిగా అర్థమైంది.

"ఏం లేదయ్యా," అన్నాడు. మూట మూతి బిగించి ముడేశాడు. "చెల్లెలి కాడ మూట పెట్టింటి, తీసకపోతా ఉండా. పల్లెటూరోళ్ళం, మా మాటే అంత గట్టిగా ఉంటాది."

"శెనక్కాయలా? అంత మూటా!" కోదండరాం నవ్వాడు. "మీకేమయ్యా, నేలతల్లి పెడతాది, తింటారు. ఈడ మేము కరేపాకు గూడా కొనుక్కోవాల."

"అవునయ్యా," అన్నాడు చెంగయ్య.

వంగి, పొట్టు మూటను భుజానికెత్తుకుని, బరువుకు మూలిగినట్టు మూలిగాడు. నడుం వంచి, మోకాళ్ళు కూడదీసుకుంటూ, మేడ ముందు నుంచి నడిచాడు. వీధి మలుపు దాటేదాకా నడుం నిటారుగా ఎత్తలేదు. అమ్మణి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

ఆ ఏడు పళ్లిపట్టు వైపు వానలకు లోటు లేదు. చెంగయ్య పక్కవాళ్ళ చేలల్లో నాగలి వెనక విత్తనం వేసే కూలికి పోయాడు.