మిరపచేలో చిరుత

చిరుతను మొదట చూసింది నేనే. చిల్లకల్లు దగ్గర బుడే సాహెబ్ బాబాయి కౌలుకి చేస్తున్న మిరపచేలో, తెల్లవారుతుండగా, పసుపురంగుది ఏదో కదిలి పోయింది. మొదటిరోజు నేను చెప్పింది అంతే.

నాలుగో రోజుకల్లా మా మరిది రత్నబాబు దూడంత జంతువును చూశాడు. మా ముఠాని తీసుకెళ్లే ఆటో ఫ్రాన్సిస్‌కి దాని వెనక పిల్ల కూడా కనిపించింది. నేనేమైనా తక్కువ తిన్నానా? మచ్చలు, తోక, కళ్లు అన్నీ వర్ణించి చెబుతున్నాను. నేను మేస్త్రిగా ఉన్న కూలీల ముఠాలో పన్నెండుమంది ఆడవాళ్లూ కోతకి రామన్నారు. కాయ పండి రాలుతోంది. మబ్బు పట్టింది. వాన పడితే మూడెకరాల కాయ రంగు పోయి తాలు అయిపోతుంది, బాబాయి నిండా మునిగిపోతాడు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

"సూసనమ్మా, దాని వీపు మొక్కల పైకి కనపడిందా?" అని మాత్రం అడిగాడు. కనపడిందన్నాను. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మర్నాడు అదే వేళకి వెళ్లి, మొదటిరోజు చూసిన గట్టు మీదే నిలబడ్డాను. భయం వేసింది. అయినా కదల్లేదు. కాసేపటికి బాబాయి పెంచుకునే పసుపురంగు కుక్క, నేను చిరుతను చూసిన మూలనే అడ్డంగా నడిచింది. దాని వీపు మొక్కల పైకి కనపడింది. దిగి చూస్తే అక్కడి మొక్కలు తెగులు పట్టి మోకాలెత్తులోనే ఆగిపోయాయి. మిగతా చేనంతా నడుమెత్తు. ఇరవయ్యేళ్లుగా మిరప కోస్తున్నదాన్ని, మొక్క నడుమెత్తు ఉంటుందనుకుని కుక్కని చిరుతను చేశాను. తల కొట్టేసినట్టయింది.

ఆటో దగ్గర అందరిముందూ చెప్పాను. "నేను చూసింది కుక్కనే. మచ్చలు తర్వాత నేనే పెట్టా."

మరి తను చూసిందేంటని రత్నబాబు వాదానికి దిగాడు.

"నువ్వెప్పుడు చూసావ్? నేను చెప్పాకేగా."

అయినా ఎవరూ చేలోకి కదల్లేదు. బాబాయి నాకేదో ముట్టజెప్పాడని కూడా ఒకావిడ అంది. ఒళ్లు మండిపోయింది. చేలోకి వెళ్లి, నడుముకి గోతాం కట్టుకుని, ఆ మూలనుంచే కోత మొదలుపెట్టాను, ఒక్కదాన్నే. సగం సాలు అయ్యేసరికి పక్క సాల్లోకి రత్నబాబు పెళ్లాం రూబీ దిగింది. ఆ వెనక ఇంకో ఇద్దరు.

పదింటప్పుడు పక్కనే మొక్కలు కదిలాయి. పసుపురంగు వీపు. కుక్కేనని తెలుసు. అయినా దాని ఒంటిమీద మచ్చలు కనపడ్డాయి, ఒట్టు. కోత మాత్రం ఆపలేదు.